ముందు దీపం ఎవరిది?

1964 ఏప్రిల్ 17వ తేదీన న్యూయార్కు ప్రపంచ ప్రదర్శనలో ఫోర్డు సంస్థవారు మస్టాంగు అను క్రొత్త కారును లోకానికి చూపినారు. దాని వెల 2,368 డాలర్లు. ఆ వెలకు వచ్చునది ఆరు సిలిండర్ల సామాన్యమైన బండి. దానితోపాటు కొనువాని చేతికి ఒక పొడుగాటి జాబితా అందెడిది. ఇంజను ఏది కావలెను, చక్రం ఏది కావలెను, చక్రపు మూత ఏది, సీట్ల రంగు ఏది, అన్నియు అతడే ఏరుకొనవలెను. ఏరుకొన్న ప్రతిదానికి వేరుగా సొమ్ము చెల్లించవలెను. రెండేండ్లు నిండకమునుపే పదిలక్షలవ మస్టాంగు కర్మాగారం నుండి వెలువడినది. ఇన్ని లక్షల బండ్లు ఒక్క అచ్చున దిగుచుండగా, తన బండి మాత్రం పొరుగువాని బండివలె ఉండరాదని ప్రతివాడు తలచుటయు, ఆ తలంపును వర్తకులు సొమ్ము చేసుకొనుటయు సహజమే. కనుక ఇట్టి కారుకు బయటి చక్రాలు, బయటి దీపాలు అమర్చుకొన్నవానిని చూచి, అసలు రూపం చెరచినాడని కొందరు పురావస్తుప్రియులు చేయు ఆక్షేపణలో పస తక్కువ. మార్చుకొనుమని చెప్పి అమ్మిన వస్తువును మార్చుకొనుట అపచారమెట్లగును?

అయినను మార్పులన్నింటిని ఒక్క త్రాసులో వేసి తూచుట తగదు. చక్రాలు మార్చుటకును దీపాలు మార్చుటకును గల భేదాన్ని ఈ కార్ల అభిమానులు గాని, వారిని అదుపులో నుంచవలసిన ప్రభుత్వాలు గాని తగినంతగా గుర్తించినట్లు కనబడదు. చక్రం మంచిచెడ్డలు ముఖ్యంగా యజమానివి. దీపం యజమానికి దారి చూపుటకే పుట్టినను, దాని వెలుగు పోయి పడునది ఎదురువచ్చువాని కంటిలో. ఈ కారు పుట్టిన దేశం దాటి పరదేశానికి దిగుమతి అయినప్పుడు ఈ భేదం మరింత స్పష్టమగును.

మొదట చక్రాల సంగతి. పదునొకండవ శతాబ్దిలో కాశ్మీర పండితుడైన క్షేమేంద్రుడు ఔచిత్యమే కావ్యానికి ప్రాణమని వాదించినాడు. సొమ్ము ఎంత మేలిమిదైనను తగినచోట లేనిచో శోభ నీయదని అతని మతం. ఈ న్యాయం చక్రాలకును చెల్లును. 1968లో వెలువడిన 'బుల్లిట్' అను చలనచిత్రంలో స్టీవ్ మెక్వీన్ నడిపిన పచ్చని మస్టాంగును చూచినవారు దాని చక్రాలను మరువలేరు. అవి ఫోర్డువారివి కావు. అమెరికన్ రేసింగ్ అను వేరొక సంస్థవారు చేసిన అయిదు రెక్కల చక్రాలు. ఆ బండికి అవి ఎంత ఒదిగినవనగా, 2001లో ఫోర్డువారే ఆ చిత్రం పేరున ఒక ప్రత్యేకమైన మస్టాంగును విడుదల చేసి, దానికి ఆ పోలికగల చక్రాలనే తొడిగినారు. బయట నుండి వచ్చినది ఇంటిదైపోయినది. అసలు రూపమును గూర్చి వాదించువారు ఈ కథను ఒకసారి తలచుకొనవలెను.

జర్మనీలో ఈ ఔచిత్య విచారం చట్టంలోనికే ఎక్కినది. (ఆ దేశంలో ఈ కారుకు మొదట తన పేరే దక్కలేదు. మస్టాంగు అను పేరుపై అక్కడ ముందే వేరొకరికి హక్కు ఉండుటచేత, 1970వ దశకం చివరి వరకు దానిని టి-5 అను పేరున అమ్మినారు.) అక్కడ 1997 నుండి ముప్పది ఏండ్లు నిండిన కార్లకు ప్రత్యేకమైన నంబరుపలక ఇచ్చుచున్నారు. ఆ పలక కావలెనన్నచో, బండికి చేసిన మార్పులు ఆ బండి కాలానికి తగినవై ఉండవలెను. 1965 నాటి మస్టాంగుకు ఆ రోజులలో అమ్ముడైన అయిదు రెక్కల చక్రం వేసినచో పరీక్షకుడు ఆక్షేపించడు; ఇరువది అంగుళాల నేటి చక్రం వేసినచో పలక దక్కుట కష్టం. మార్పును నిషేధింపక, మార్పులోని తగవును చూచుట ఆ చట్టంలోని మెచ్చదగిన విశేషం.

చక్రం విషయంలో కంటికి కనబడు అందం కన్న కంటికి కనబడని కొలత ముఖ్యం. తొలి మస్టాంగులలో ఎనిమిది సిలిండర్ల బండికి చక్రాన్ని అయిదు నట్లు పట్టి ఉంచును. ఆరు సిలిండర్ల బండికి నాలుగే. ఆ నట్లు నిలిచిన వలయం వ్యాసం నాలుగున్నర అంగుళాలు, అనగా 114.3 మిల్లీమీటర్లు. నేటి మస్టాంగుకును అదే కొలత. జపాను కార్లలో పెక్కింటికిని ఇదే కొలత ఉండుటచేత, అంగడివాడు వాటి చక్రాన్ని తెచ్చి తొడిగి, నట్లన్నియు బిగిసినవి చూడుమనును. కాని టొయోటా చక్రం నడిమి రంధ్రం 60.1 మిల్లీమీటర్లు, హోండాది 64.1, నేటి మస్టాంగు హబ్బు 70.5. ఆ చక్రం హబ్బుపై కూర్చుండనే కూర్చుండదు. అప్పుడు దానిని లేతుమీద పెట్టి కొరిగించెదమను షెడ్డులు ఉన్నవి. కారు వెలతో పోల్చినచో ఈ కొరుగుడుకు పట్టు సొమ్ము లెక్కలోనికి రాదు. కొరిగిన పిదప ఆ లోహంలో ఎంత బలం మిగిలినదో మాత్రం చూచి చెప్పువారుండరు.

ఇంతకన్న మోసకరమైనది కార్వెట్టు విషయం. పాత తరాల కార్వెట్టుకు నట్ల వలయం 4.75 అంగుళాలు, అనగా 120.65 మిల్లీమీటర్లు. జర్మనీ దేశపు బి.ఎమ్.డబ్ల్యూ. కార్లు అనేకం 120 మిల్లీమీటర్ల వలయం గలవి. భేదం ఒక మిల్లీమీటరు కూడ లేదు. నట్లు ఎక్కును, బిగియును, బండి నడచును. అయితే ప్రతి నట్టును తన గుంటలో ఒక ప్రక్కనే ఆని ఉండును గాని నిండుగా కూర్చుండదు. కొంతకాలానికి అదురు మొదలగును. ఆపైన నట్టు వదులగును. పైన పటారం, లోన లొటారం అను సామెతకు ఇంతకన్న మంచి ఉదాహరణ దొరకదు.

ఇంకొక లెక్క కలదు. పాత మస్టాంగుకు నేడు సాధారణంగా వేయు 195/75 కొలతగల 14 అంగుళాల టైరు వ్యాసం సుమారు 648 మిల్లీమీటర్లు. దానికి బదులు 235/50 కొలతగల 18 అంగుళాల టైరు వేసినచో అది 692 అగును. చక్రం ఒక్కచుట్టు తిరుగునప్పటికి బండి మునుపటికన్న ఎక్కువ దూరం పోవును గనుక, వేగం చూపు ముల్లు నూరు వద్ద నిలిచినప్పుడు బండి నిజానికి నూట ఏడు కిలోమీటర్ల వేగాన పోవుచుండును. ఈ పొరపాటుకు ఫలం చాలవరకు నడుపువాడే అనుభవించును. అందుచేతనే చక్రం ముఖ్యంగా యజమానిదని పైన చెప్పుట.

ఇక దీపం. అమెరికాలో 1940 నుండి కార్లన్నింటికి ఒకే రకమైన ముందు దీపం ఉండవలెనని ఏర్పాటైనది. ఏడంగుళాల గుండ్రని దీపం. అద్దం, అద్దం వెనుక వెలుగును త్రిప్పికొట్టు పళ్ళెం, లోపలి తీగ, మూడును ఒక్క ముద్దగా మూసి అతికినవి. దానికి పూర్వం పళ్ళేలు మసకబారి, దీపాలు ఏడాది రెండేండ్లకే గ్రుడ్డివగుచుండెడివి. మూసిన దీపంలోనికి దుమ్ము పోదు, తేమ పోదు. తీగ తెగినచో ముద్ద అంతయు పారవేసి వేరొకటి పెట్టుకొనవలెను. ఏ ఊరి అంగడిలోనైనను అది దొరకును. ప్రజలకు ఎంతో మేలుచేసిన ఏర్పాటిది. దోషమేమనగా, ఆ ఏర్పాటు నలుబదియేండ్లకు పైగా కదలకుండ నిలిచిపోయినది. తీగ మాత్రం మార్చుకొనగల దీపాలు అమెరికాలో 1983 తరువాతనే చట్టసమ్మతమైనవి. ఈలోపల ఐరోపాలో 1960వ దశకం నుండి హాలోజెను దీపాలు వచ్చినవి. ఒక్క బుడ్డిలోనే దూరపు వెలుగును, వంచిన వెలుగును ఇచ్చు హెచ్-4 దీపం 1971లో వచ్చినది. ఐరోపా దీపంలో ఒక విశేషం కలదు. వంచిన వెలుగుకు పైన కత్తితో కోసినట్లు ఒక అంచు ఉండును. అంచుకు క్రింద వెలుగు, పైన చీకటి. ఎదురువచ్చువాని కన్ను ఆ చీకటిలో ఉండవలెననుటయే దాని రచనలోని రహస్యం. బాట ప్రక్కన నడుచువాడు కనబడుటకై ఆ ప్రక్కకు మాత్రం అంచు కొంచెం పైకి వాలి ఉండును.

ఆ వాలు ఏ ప్రక్కకు ఉండవలెననునదే దిగుమతి బండికి ప్రాణసంకటమైన ప్రశ్న. అమెరికాలోను జర్మనీలోను బండ్లు బాటకు కుడివైపున నడుచును. ఇంగ్లండులోను భారతదేశంలోను ఎడమవైపున. కుడివైపు నడుచుటకు చేసిన దీపాన్ని ఎడమవైపు నడుచు దేశానికి తెచ్చినచో, ఆ వాలు కాలిబాటను వదలి ఎదురువచ్చువాని ముఖం మీదికి పోవును. దీపం మంచిదే, అమరికయు మంచిదే, చట్టసమ్మతమైన ముద్రయు దానిపై ఉండును. అయినను అది ఆ బాటమీద అపాయకరమే. దీనిని గుర్తించుటకు పెద్ద చదువు అక్కరలేదు. ఎడమవైపు నడకకు చేసిన ఐరోపా దీపపు అద్దంపై, ఎదుట నిలిచి చూచువానికి కుడిప్రక్కకు చూపు చిన్న బాణం ఉండును. రెండు ప్రక్కలకు చూపు బాణమున్నచో దానిని రెండు విధాల అమర్చవచ్చును. బాణమే లేనిచో అది కుడివైపు నడకకు చేసినది. దీపానికి వేలకువేలు పోయువారు ఈ బాణాన్ని చూడరు. నీలికాంతి వచ్చునా, మిలమిల మెరయునా అని మాత్రం చూచెదరు.

తొలి మస్టాంగుకు అమర్చినది కూడ ఏడంగుళాల గుండ్రని దీపమే గనుక, అదే కొలతగల హెచ్-4 దీపం దానిలో చక్కగా కూర్చుండును. చేయదగిన మార్పే ఇది. కాని దీపం మార్చి తీగలు మార్చనివారికి ఒక చిక్కు కలదు. ఆ కారులో దీపాల విద్యుత్తు అంతయు ముందుపలకలోని స్విచ్చి గుండానే పారును. స్విచ్చిలో వేడి మితిమీరినచో ప్రవాహాన్ని త్రుంచు ఒక రక్షకం అమర్చి ఉన్నది. ఎక్కువ వాట్ల దీపం పెట్టగా ఆ రక్షకం వేడెక్కి, నడిరేయి నడిబాటలో ముందు దీపాలు రెండును ఒక్కసారి ఆరిపోవును. చల్లారిన పిదప మరల వెలుగును. అరువదియేండ్ల తీగలలో విద్యుత్తు కొంత దారిలోనే నశించుట మరియొక సంగతి. వోల్టేజి పదవవంతు తగ్గినచో వెలుగు నూటికి ముప్పది వంతుల వరకు తగ్గును. కావున బాటరీ నుండి నేరుగా లావు తీగలు లాగి, నడుమ ఒక రిలే పెట్టినచో, పాత దీపమే ఎంతో తేటగా వెలుగును. చేయవలసిన మొదటిపని ఇది. మెరుపు లేని పని గనుక దీనిని మొదట చేయువారు అరుదు.

హాలోజెను దీపపు గూటిలో ఎల్.ఇ.డి. బుడ్డిని దూర్చుట నేడు అన్నిటికన్న ఎక్కువగా కనబడు దోషం. గూటిలోని పళ్ళెం ఒక సన్నని తీగ ఫలానా స్థలంలో ఉండునని లెక్కవేసి తీర్చినది. వెలుగు పుట్టు చోటు పిసరంత కదలినను ఆ అంచు చెదరిపోవును. బండిలో కూర్చున్నవానికి ముందంతయు పట్టపగలువలె కనబడును. తన దీపం మేలైనదని సంతోషించును. చెదరిన వెలుగు ఎక్కడికి పోయినదో చెప్పగలవాడు అప్పటికి అతని వెనుకకు పోయి, కనులు నలుపుకొనుచు దారి వెదకుకొనుచుండును. వయస్సు మీరినవాడైనచో ఆ కన్ను తేరుకొనుటకు మరింత సేపు పట్టును. జర్మనీలో ఇట్టి బుడ్డికి తొలి అనుమతి 2020లో ఓస్రామ్ సంస్థవారికి లభించినది. అదియు అన్ని కార్లకు కాదు. ఏ కారు, ఏ దీపపు గూడు అని పరీక్షించి, పేరుపేరున ఇచ్చిన అనుమతి.

చక్రం యజమానిది, దీపం ఎదుటివానిది అని విభజించినంత మాత్రాన చిక్కు తీరిపోవుననుకొనరాదు. చక్రమే దీపాన్ని కదల్చును. తొలి మస్టాంగు ముందు చక్రానికి, వెనుక చక్రానికి నడుమ దూరం 108 అంగుళాలు, సుమారు 2,743 మిల్లీమీటర్లు. వంచిన వెలుగు సాధారణంగా నూటికి ఒక వంతు క్రిందికి వాలి ఉండవలెను. వెనుక వెడల్పయిన పొట్టి టైర్లు వేయుటవలన ఆ ప్రక్క 27 మిల్లీమీటర్లు దిగినచో, ముక్కు అంతమేర పైకి లేచి, ఆ ఒక్కవంతు వాలు కాస్తయు మాయమగును. అంతకు మించి ఒక డిగ్రీ లేచినచో, ఏబది మీటర్ల దూరంలో వెలుగు అంచు 87 సెంటీమీటర్లు ఎగబ్రాకును. దీపాన్ని ఎవరును ముట్టలేదు. అయినను అది ఎదుటివాని ముఖాన్ని చూచుచుండును. వెనుక ఎత్తుగా ముందు పల్లంగా బండిని నిలుపుట అమెరికాలో చిరకాలంగా ఉన్న వేడుక. అందులో వెలుగు కాళ్ళముందే పడి దూరపు బాట చీకటిలో నుండును. ఆ కష్టమైతే నడుపువానిదే.

భారతదేశానికి కుడిచేతి స్టీరింగు గల మస్టాంగు 2016లో వచ్చినది. అప్పుడు దాని వెల సుమారు 65 లక్షల రూపాయలు. అంతకుముందు యాబదియేండ్లపాటు ఫోర్డువారు కుడిచేతి స్టీరింగుతో ఈ కారును తమ కర్మాగారంలో చేయనే లేదు. వాడిన కార్లను దేశంలోనికి తెచ్చుకొనువారికి ప్రభుత్వం విధించిన షరతులలో స్టీరింగు కుడివైపున ఉండవలెననియు, వేగం కిలోమీటర్లలో చూపవలెననియు, ముందు దీపాల కాంతి ఎడమవైపు నడకకు తగినదై ఉండవలెననియు స్పష్టంగా ఉన్నది. 1989 నాటి కేంద్ర మోటారువాహనాల నిబంధనలలోను మిరుమిట్ల ప్రసక్తి కలదు: ఎనిమిది మీటర్ల దూరంలో, నేలకు మీటరున్నర ఎత్తున ఉన్న కంటికి దీపం మిరుమిట్లు గొల్పరాదు. చట్టం వ్రాసినవారు ఎదుటివాని కన్నును మరువలేదనుటకు ఇవి సాక్ష్యాలు. పూర్వం దేశంలో బస్సులకు, లారీలకు దీపపు అద్దం పై సగం నల్లరంగు పూయుచుండెడివారు. మోటైన ఉపాయమే గాని, దాని వెనుక ఉన్న ఆలోచన ఇదే.

లోపం ఎక్కడనగా, మార్పును విచారించు పద్ధతిలో. మోటారువాహనాల చట్టం 52వ సెక్షను ప్రకారం తయారీదారు నిర్దేశించి నమోదుపత్రంలోనికి ఎక్కిన వివరాలకు భిన్నంగా బండిని మార్చరాదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు ఈ అర్థాన్నే గట్టిగా నిలిపినది. అదే సంవత్సరం వచ్చిన సవరణ చట్టంలో, అనుమతి లేని ఒక్కొక్క మార్పుకు యజమానికి 5,000 రూపాయల జరిమానా గాని, ఆరు మాసాల వరకు జైలు గాని, రెండును గాని విధించవచ్చునని ఉన్నది. వినుటకు కఠినంగానే ఉన్నది. కాని కఠినమైన నిషేధం ఒక విచిత్రమైన ఫలం నిచ్చినది: కాగితంమీద ఏ మార్పును చెల్లదు, బాటమీద ప్రతి మార్పును చెల్లుచున్నది. హైదరాబాదులోనో విజయవాడలోనో చక్రాలు, దీపాలు అమర్చు అంగడి వద్ద ఒక సాయంకాలం నిలిచినవారికి ఈ సంగతి వేరుగా చెప్పనక్కరలేదు. అపాయం లేని చక్రాన్ని అమర్చుకొన్నవాడును, కన్ను పొడుచు దీపాన్ని అమర్చుకొన్నవాడును చట్టం దృష్టిలో ఒక్క గాటన కట్టబడినారు. ఇద్దరిని పట్టుకొనలేక ఇద్దరిని వదలివేయుట జరుగుచున్నది.

జర్మనీ పద్ధతి ఇంతకన్న విసుగుపుట్టించునది, ఇంతకన్న న్యాయమైనది. అక్కడ చక్రం అమ్మువాడు ఆ చక్రం ఏయే కార్లకు తగునో తెలుపు పరీక్షాపత్రాన్ని జతచేయవలెను. అమర్చిన పిదప అధికారమున్న ఇంజనీరు వచ్చి, టైరు బండి ఒడలికి తగులునా, నట్టు సరిగా కూర్చున్నదా అని చూచి, ఆ కొలతను బండి పత్రాలలో వ్రాయును. దీపానికి వేరే పరీక్ష. ఈ తంటా అంతయు పడలేక మార్పు మానుకొన్నవారు అక్కడ పెక్కుమంది ఉందురు. వారికి అన్యాయం జరిగినదని చెప్పవచ్చును. అంత పెద్ద యంత్రాంగాన్ని రేపే ఇక్కడ నిలుపుమనుట పేరాసయే. చక్రాలను కొంతకాలం యజమానుల వివేకానికి వదలి, దీపాలను మాత్రం పట్టుకొన్నచో చాలును. అందుకు కావలసినది ఒక చదునైన నేల, ఒక తెల్లగోడ. గోడకు పది మీటర్ల దూరాన బండిని నిలిపి, వంచిన వెలుగు వేసినచో, దాని అంచు దీపం ఎత్తుకన్న పది సెంటీమీటర్లు క్రిందుగా గోడమీద గీతవలె కనబడవలెను. వాలు ఎడమప్రక్కకే ఉండవలెను. గీత బదులు వెలుగు మబ్బువలె గోడనంతయు కప్పినచో ఆ దీపాన్ని ఊడదీయించవలెను. ఈ పనికి ఏ షెడ్డులోని మేస్త్రీకైనను అయిదు నిమిషాలు పట్టును.

అద్దెబండ్లకు, లారీలకు రవాణాశాఖవారి యోగ్యతాపరీక్ష నియమిత కాలాలలో జరుగుచుండును. సొంతకారుకు నమోదు నాటి నుండి పదునైదేండ్ల వరకు అట్టి పరీక్ష లేదు. 2016లో నమోదైన మస్టాంగు యజమాని మరునాడే దాని దీపాలు మార్చియుండినను, వాటిని ఆ తెల్లగోడ ఎదుట నిలిపి చూడవలసిన నిర్బంధం 2031 వరకు లేదు.